లాంగ్‌జంప్ గుంత వెనుక దొరికిన సీసా

సంపాదకుల వారికి,

నమస్కారములు.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే మనం వాడా అని పిలుచుకునే సంస్థ, 2024 సంవత్సరానికి వెలువరించిన లెక్కల్లో, నిషేధిత మందులతో పట్టుబడటంలో మన దేశం వరుసగా మూడోసారి మొదటి స్థానంలో నిలిచిందన్న వార్త మీ క్రీడా పేజీలో చదివాను. ఆ ఏడాది మన క్రీడాకారుల నుంచి సేకరించిన 7,113 నమూనాల్లో 260 నమూనాల్లో నిషేధిత పదార్థాలు దొరికాయి. అంతకు ముందు 2023లో 5,606 నమూనాలకు 213 దొరికాయి. అదే 2023లో చైనా 28 వేలకు పైగా నమూనాలను పరీక్షించింది, పట్టుబడినవి వెయ్యికి రెండు మూడు మాత్రమే. మన దగ్గర వెయ్యికి 38. దొరికిన ప్రతి నమూనా నేరం కిందికి రాదని, కొందరికి వైద్య కారణాలపై ముందస్తు అనుమతి ఉండవచ్చునని, పరీక్షలు పెంచితే పట్టుబడేవారు పెరగడం సహజమని అధికారులు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. కానీ పరీక్షలు మనకంటే ఐదు రెట్లు ఎక్కువ చేసిన దేశంలో అంత తక్కువ ఎందుకు దొరుకుతున్నాయన్న ప్రశ్నకు ఆ మాట సమాధానం కాదు.

ఈ వార్త చూసి మా కాలనీలో ఉదయపు నడకకు వచ్చే మిత్రులు చాలామంది ఆశ్చర్యపోయారు. నేను పోలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పటికీ వారంలో ఐదు రోజులు తెల్లవారుజామున మా ఇంటి దగ్గరి గ్రౌండ్‌లో పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లలకు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ నేర్పిస్తూ ఉంటాను. కాబట్టి ఈ విషయాన్ని ఒలింపిక్స్ వైపు నుంచి కాకుండా, మా గ్రౌండ్ వైపు నుంచి చెప్పదలచాను.

గత చలికాలంలో ఒకనాడు లాంగ్‌జంప్ గుంతలో ఇసుక తిరగవేయిస్తుండగా, గుంత వెనుక తుప్పల్లో ఒక చిన్న గాజు సీసా, దాని పక్కనే రెండు సిరంజీలు కనిపించాయి. కళ్లద్దాలు పెట్టుకుని చదివితే మెఫెంటర్మిన్ అని ఉంది. నాకు ఆ పేరు తెలియదు. తెలిసిన మత్తు వైద్యుడొకరిని అడిగితే, ఆపరేషన్ టేబుల్ మీద వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు రోగి రక్తపోటు పడిపోతే దాన్ని పైకి తేవడానికి వాడే మందు అదని, వైద్యుడి చీటీ లేకుండా ఎవరికీ అమ్మకూడదని, ఆరోగ్యంగా ఉన్న మనిషి వేసుకుంటే గుండె దడ, రక్తపోటు పెరగడం మొదలుకొని అలవాటు ముదిరితే మతిస్థిమితం తప్పే దాకా వెళ్లవచ్చునని చెప్పారు. ఈ మందును నగరంలో జిమ్‌లకు వెళ్లే యువకులకు అమ్ముతుండగా ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు పట్టుకున్న వార్తలు మీ పత్రికలోనే వచ్చాయని ఆయన గుర్తుచేసేదాకా నాకు స్ఫురించలేదు. ఆ వార్తలు నేనూ చదివాను. జిమ్ వాళ్ల గోల మనకెందుకని పేజీ తిప్పేసినట్టున్నాను.

మరునాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. ప్రాక్టీసు అయిపోయాక నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న అబ్బాయి ఒకడు వెనక ఉండిపోయి, "సార్, అది నాది గాదు, గని అందరూ ఏస్కుంటుండ్రు. ఒక్కసారి ఏస్కుంటె రెండు రౌండ్లు అలుపే రాదంట" అన్నాడు. వాడి గొంతులో భయం లేదు, తప్పు చేసినవాడి తడబాటూ లేదు. ఫలానా బస్సు నేరుగా కోఠీకి పోతుందట అని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఈ ఉత్తరం రాయడానికి ఆ మామూలుతనమే కారణం.

2022లో వెలువడిన కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థి 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఆరు నెలలు క్రమం తప్పకుండా పరుగెత్తిన ఏ ఆరోగ్యవంతుడైన కుర్రాడికీ ఇది అసాధ్యం కాదని నా అనుభవం. కానీ కోచింగ్ సెంటర్‌లో రాత పరీక్షకు ఏడాదంతా కూర్చుని, ఫలితాలు వచ్చాక మిగిలిన ఆరు వారాల్లో పరుగు నేర్చుకోవాలనుకునేవాడికి ఆ పదిహేను సెకన్లే కొండంత అవుతాయి. ఆ పదిహేను సెకన్లను సీసాలో పోసి అమ్మేవాడు గేటు దగ్గరే దొరుకుతాడు. ఉద్యోగ నియామకానికి పరుగెత్తేవాడిని క్రీడాకారుడంటామా, అది డోపింగ్ కిందికి వస్తుందా అని పాఠకులెవరైనా అడగవచ్చు. చట్టం దృష్టిలో రాకపోవచ్చు. అయితే ఆ కుర్రాడు పరుగెత్తే ట్రాక్ మీదనే పక్క లైన్‌లో జిల్లా జట్టుకు ఎంపిక కావలసిన పదహారేళ్ల పిల్లవాడు కూడా పరుగెత్తుతున్నాడు. ఇద్దరూ ఒకే కుళాయి దగ్గర నీళ్లు తాగుతారు, ఒకే చెట్టు కింద బట్టలు మార్చుకుంటారు. అన్న వేసుకున్న సూది తమ్ముడికి తెలియకుండా ఉండదు.

ఇక్కడ ఒక చిన్న మాట. మన పత్రికలన్నీ ఈ మందులను ఉత్ప్రేరకాలు అని రాస్తాయి. ఎనిమిదో తొమ్మిదో తరగతి రసాయనశాస్త్రం చదివిన పిల్లవాడికి ఉత్ప్రేరకమంటే చర్య వేగాన్ని పెంచి, తాను మాత్రం ఏ మార్పూ లేకుండా మిగిలిపోయేది. పరుగు వేగం పెరుగుతుంది, ఇంకేమీ మారదు అన్న అర్థాన్ని మనమే వాడి చెవిలో ఊదుతున్నాము. నిజానికి ఎముకల చివరలు ఇంకా ఎదుగుతున్న వయసులో కండలు పెంచే స్టెరాయిడ్లు తీసుకుంటే ఆ చివరలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది. మగపిల్లలకు రొమ్ములు పెరుగుతాయి, వృషణాలు కుంచించుకుపోతాయి. ఆడపిల్లలకు గొంతు బొంగురుపోయి, మందు మానేసినా తిరిగి రాదు. కాలేయం, గుండె సంగతి సరేసరి. తూర్పు జర్మనీ తన బాలికా క్రీడాకారిణులకు విటమిన్ మాత్రలని చెప్పి ఇచ్చిన నీలిరంగు స్టెరాయిడ్ మాత్రల ఫలితాలు, ఆ దేశం మాయమైపోయిన తరువాత కూడా, వారి శరీరాల్లో మిగిలాయి. ఉత్ప్రేరకం బదులు ఏ మాట వాడాలో నాకంటే మీ డెస్క్ మిత్రులకు బాగా తెలుసు. నిషేధిత మందు అంటే చాలదా?

డోపింగ్ నియమాల్లో అన్నింటికన్నా కఠినమైనది ఒకటుంది. నీ శరీరంలో ఏమి దొరికినా దానికి నీదే బాధ్యత. తెలిసి తీసుకున్నావా, తెలియక తీసుకున్నావా అన్నది శిక్ష తగ్గించేటప్పుడు చూస్తారే తప్ప, నేరం జరిగిందా లేదా అని నిర్ణయించేటప్పుడు చూడరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రాదుకాన్‌కు జలుబు చేస్తే సొంత జట్టు వైద్యుడే మాత్ర ఇచ్చాడు. అందులో నిషేధిత పదార్థమైన సూడోఎఫెడ్రిన్ ఉంది. ఆ పదహారేళ్ల పిల్ల మెడలోంచి ఆల్‌రౌండ్ స్వర్ణం తీసేసుకున్నారు. మన క్రికెటర్ పృథ్వీ షాకు 2019లో ఎనిమిది నెలల నిషేధం పడింది దగ్గు మందులోని టెర్బుటలిన్ వల్ల. మన ఇళ్లలో అలమారాలో ఉండే దగ్గు మందు సీసాల్లో చాలావాటిలో ఉండేది అదే. అసలు విషయం ఇంకొకటి ఉంది. 2022 జనవరి నుంచి స్టెరాయిడ్ జాతికి చెందిన నొప్పి, వాపు తగ్గించే ఇంజెక్షన్లను, అవి ఒంట్లో ఎక్కడ పొడిచినా సరే, పోటీ సమయంలో నిషేధించారు. మా ఊళ్లలో జ్వరం వచ్చినా, కాలు బెణికినా, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే "తెల్లారేసరికి లేచి కూర్చుంటావు" అని పొడిచే సూదిలో తరచూ ఉండేది ఆ మందే. పోటీకి ముందురోజు మడమ నొప్పితో వెళ్లిన పిల్లవాడు మరునాడు పరుగెత్తి పతకం గెలిస్తే, పరీక్ష జరిగితే, వాడు డోపీ.

ఈ నియమం అన్యాయమని నేను అనను. తెలియదు అన్న మాటను ఒప్పుకుంటే రేపటి నుంచి ఎవరికీ ఏమీ తెలియదు. కెనడాకు చెందిన బెన్ జాన్సన్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 9.79 సెకన్లలో పరుగెత్తి, స్టానోజోలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికిపోయినప్పుడు మా తరం వాళ్లకు తెలిసివచ్చింది, పతకం గెలిచినవాడి మాటకన్నా సీసాలోని మూత్రానికే విలువ ఎక్కువని. వెంట వైద్యుడు, ఫిజియో, డైటీషియన్ ఉండే అంతర్జాతీయ క్రీడాకారుడు తెలియదంటే నేను నమ్మను. కాని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలో చేరిన పిల్లవాడు, సంక్షేమ హాస్టల్ నుంచి జిల్లా జట్టుకు వచ్చిన ఆడపిల్ల, వాళ్ల తల్లిదండ్రులు తమకు తెలియదంటే నమ్ముతాను, ఎందుకంటే వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏ మందులో నిషేధిత పదార్థం ఉందో చూసుకోవడానికి మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా వారు ఫోన్‌లో ఒక యాప్ పెట్టారు, మంచిదే. ఆ యాప్ ఉందని మా గ్రౌండ్‌కు వచ్చేవారిలో ఒక్కరికీ తెలియదు. వారిని అనడానికేముంది, పదవీ విరమణ చేసేదాకా నాకూ తెలియదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను హాజరైన వృత్యంతర శిక్షణల్లో కబడ్డీ కోర్టు కొలతలు నాలుగుసార్లు చెప్పారు, ఈ విషయం ఒక్కసారి కూడా చెప్పలేదు.

బాధ్యత అంతా క్రీడాకారుడి మీద పెట్టినప్పుడు, సూది చేతికి ఇచ్చినవాడి మీద ఎంత పెట్టామన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. 2010 కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన మన మహిళల 4x400 రిలే జట్టును తలచుకోండి. 2011లో ఆ జట్టులోని ముగ్గురు అమ్మాయిలు స్టెరాయిడ్లతో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ అనే మూలిక మాత్రల్లో అవి ఉన్నాయని తమకు తెలియదన్నారు. మన నాడా క్రమశిక్షణ సంఘం ఏడాది నిషేధం వేస్తే, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. వారిని తయారుచేసిన ఉక్రెయిన్ కోచ్‌ను పదవి నుంచి తొలగించారు. అమ్మాయిల పేర్లు, ఫొటోలు దేశంలోని ప్రతి పత్రికలో వచ్చాయి. ఆ డబ్బా ఎక్కడ కొన్నారు, ఎవరు అమ్మారు, ఎవరు దిగుమతి చేశారు అన్నది మీ పాఠకుల్లో ఎంతమందికి గుర్తుంది? మైనర్‌కు నిషేధిత మందు ఇచ్చిన కోచ్‌కు జీవితకాల నిషేధం వేయవచ్చునని వాడా నియమావళిలో ఉంది. 2022లో పార్లమెంటు చేసిన డోపింగ్ నిరోధక చట్టం నాడాకు సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఇచ్చింది. అధికారాలు కాగితం మీద ఉన్నాయి. వాటిని వాడుకోవలసిన చోటు మెడికల్ షాపు కౌంటర్, జిమ్ వెనుక గది, మా గుంత వెనుక తుప్పలు. క్రీడాకారుడిని జైలుకు పంపాలని కొందరు అంటుంటారు. ఇటలీ, జర్మనీలలో అటువంటి చట్టాలున్నాయి కూడా. నా మట్టుకు నేను పందొమ్మిదేళ్ల కుర్రాడిని జైలుకు పంపడం కన్నా, చీటీ లేకుండా ఆపరేషన్ థియేటర్ మందు అమ్మినవాడి లైసెన్సు రద్దు చేయడంతో మొదలుపెట్టమంటాను.

పరీక్షల విషయం. 2003లో మన నగరంలో ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగినప్పుడు నేను టెక్నికల్ అఫీషియల్‌గా పనిచేశాను. నమూనా ఎలా తీసుకుంటారో తెలుసుకున్నది అప్పుడే. పందెం ముగిసిన క్షణం నుంచి ఒక మనిషి క్రీడాకారుడి వెన్నంటే ఉంటాడు. పాత్రను క్రీడాకారుడే ఎంచుకోవాలి, అధికారి కళ్ల ముందే నింపాలి, కనీసం 90 మిల్లీలీటర్లు ఉండాలి, దాన్ని ఎ, బి అని రెండు సీసాల్లో పోసి స్వయంగా మూత బిగించాలి. ఒకసారి బిగిస్తే ల్యాబ్‌లో తప్ప మరెక్కడా తెరవడానికి వీలుకాని మూతలవి. ఎ సీసాలో దొరికితే బి సీసాను తన ఎదుట తెరవమని అడిగే హక్కు క్రీడాకారుడికి ఉంది. ఎంత జాగ్రత్త, ఎంత మర్యాద! ఆ తరువాత ఇరవై ఏళ్లలో నేను నిర్వహణలో పాలుపంచుకున్న జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలన్నింటిలో ఆ సీసాలను నేను మళ్లీ చూడలేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ అధికారులు వచ్చారని తెలియగానే సగం మంది క్రీడాకారులు మాయమై, పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరుగెత్తిన సంగతి దేశమంతా నవ్వుకుంది. స్టేడియం మరుగుదొడ్లలో సిరంజీలు దొరికాయి. నాకు నవ్వు రాలేదు. అక్కడ కనీసం అధికారులు వచ్చారు, వీళ్లు పారిపోయారు. ఎవరూ రాని చోట పారిపోవలసిన అవసరం కూడా ఉండదు కదా.

దేశం మొత్తానికి వాడా గుర్తింపు ఉన్న ల్యాబ్ ఢిల్లీలో ఒక్కటే ఉంది. దాని గుర్తింపును కూడా 2019 ఆగస్టులో నిలిపివేశారు. తిరిగి వచ్చింది 2021 డిసెంబరులో. ఈలోగా మన నమూనాలు విదేశాలకు వెళ్లాయి. కాబట్టి ప్రతి మండల స్థాయి పోటీలోనూ పరీక్షలు పెట్టమని అడగడం ఆచరణ తెలియని మాట అవుతుంది. నేను అడిగేది అంతకంటే చిన్నది. ఏ పోటీలో వచ్చిన సర్టిఫికెట్‌తో ఇంజినీరింగ్ సీటో, రైల్వే ఉద్యోగమో, పోలీసు ఉద్యోగమో క్రీడా కోటాలో వస్తుందో, ఆ పోటీలో, ఎవరిదన్నది ముందుగా చెప్పకుండా, కొన్ని నమూనాలైనా తీయాలి. పది పందేల్లో ఒకదాంట్లో తీసినా సరే. ఏ పందెంలో తీస్తారో తెలియకపోతే మిగతా తొమ్మిదింటికీ ఆ భయం పాకుతుంది. క్రీడా కోటా ఉండాలని కోరుకునేవాళ్లలో నేను ముందుంటాను. నా శిష్యులు పదిహేను మంది ఆ కోటాలోనే స్థిరపడ్డారు. సర్టిఫికెట్‌కు ఉద్యోగం విలువ కట్టిన ప్రభుత్వం, ఆ సర్టిఫికెట్ ఎలా వచ్చిందో కూడా చూసుకోవాలి.

తల్లిదండ్రుల గురించి రాయడానికి మొదట వెనుకాడాను. నా దగ్గరికి వచ్చి, "సార్, పిల్లాడికి బలం రావాలంటే ఏ పౌడర్ కొనమంటారు?" అని అడగని తల్లి లేదు. నాలుగు వేలు పెట్టి కొన్న ప్రొటీన్ డబ్బాను నెలాఖరున అప్పు చేసి కొన్నారని నాకు తెలుసు. ఆ డబ్బాలో రాసినదంతా నిజమో కాదో, రాయనిది అందులో ఏమి కలిసిందో కొనేవారికి తెలిసే దారి లేదు. పట్టుబడిన క్రీడాకారులు చెప్పే సంజాయిషీల్లో తరచూ వినపడేది ఈ డబ్బాల మాటే. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడం కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని స్పష్టంగా చెప్పింది. ఇంత పెద్ద సంస్థ మన ఊళ్లోనే ఉండి, మన తల్లులకు పప్పు, గుడ్డు, పల్లీలు, పాలు, జొన్న రొట్టె విలువ చెప్పేవారు లేక, జిమ్ ట్రైనర్ చెప్పిందే వేదమైపోయింది. గ్రౌండ్ పక్కనే ఉడకబెట్టిన శనగలు అమ్మే ముసలామె దగ్గర బేరం లేదు. ఎదురుగా డబ్బాల షాపులో వరస కడతారు.

మీ పత్రికను కూడా ఒక మాట అనక తప్పదు, క్షమించాలి. ఒక క్రీడాకారిణి పట్టుబడితే ఆమె ఫొటో పెద్దదిగా వేసి డోపీ అని శీర్షిక పెడతారు. తుది తీర్పు రాకముందే కాలనీవాళ్లు ఆమె తండ్రిని పలకరించడం మానేస్తారు. అదే సంచికలో మూడు పేజీల తరువాత, నెలరోజుల్లో కండలు తెప్పిస్తామన్న ప్రకటన ఉంటుంది. ఫొటో బదులు, ఆ స్థలంలో దొరికిన పదార్థం పేరు, అది సాధారణంగా ఏ మందులో ఉంటుంది, ఏ జబ్బుకు ఇస్తారు, ఒంటికి ఏం చేస్తుంది అన్న నాలుగు వాక్యాలు తెలుగులో వేస్తే, మా గ్రౌండ్ నోటీసు బోర్డు మీద అంటించుకుంటాము. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కూడా కావాలంటున్నాము. ఆ ఆటల్లో పరుగెత్తవలసినవారు ఇప్పుడు ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదువుతున్నారు.

నాగర్‌కర్నూల్ అబ్బాయి సంగతి అడుగుతారేమో. వాడు ఇప్పుడు 1,600 మీటర్లను 6 నిమిషాల 50 సెకన్లలో పూర్తి చేస్తున్నాడు. ఉదయం నాలుగున్నరకు లేవడం, వారానికి రెండు రోజులు దూరపు పరుగు, ఒక రోజు మెట్లెక్కడం, రాత్రి పదింటికి ఫోన్ నా దగ్గర పెట్టి వెళ్లడం, ఇంతే వాడు చేసింది. చివరిది వాడికి అన్నింటికన్నా కష్టమైంది.

గుంత వెనుక దొరికిన సీసాను పారవేయలేదు. దాని మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆ మందు ఏ షాపు గుండా మా గ్రౌండ్ దాకా వచ్చిందో విచారించవలసిందిగా కోరుతూ ఔషధ నియంత్రణ అధికారులకు ఈరోజే రాసిన దరఖాస్తు ప్రతిని, సీసా ఫొటోను ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
హైదరాబాద్.